నంది కొండ కింద రెండు ద్రాక్షలు

చిక్కబళ్ళాపురం, దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపురం వైపు మా చుట్టరికాల్లో ఏ పెళ్ళికి పోయినా, పెద్దవాళ్ళు నలుగురు కూర్చుంటే మాట చివరికి ద్రాక్ష తోట మీదికే వస్తుంది. ఎవరి పందిరి ఎన్నాళ్ళు కాచింది, ఎవరి బోరు ఎప్పుడు ఎండింది, ఎవరి తోట ఇప్పుడు లేఔటు అయింది. మన తెలుగు ఇళ్ళు ఈ సీమలో ఎన్ని తరాలుగా ఉన్నాయో లెక్క చెప్పడం కష్టం గానీ, గత మూడు తరాల లెక్క మాత్రం ద్రాక్షతో చెప్పొచ్చు. ఈ వ్యాసం ఆ ద్రాక్ష గురించి. ఒకటి మనవాళ్ళు పందిళ్ళ మీద పెంచిన నీలం ద్రాక్ష. రెండోది అదే నంది కొండ కింద, చిన్న తోటలో మొదలై, సీసాల్లో దేశాలు దాటిన ఫ్రెంచి ద్రాక్ష. రెండోదాని చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. మొదటిది మన ఇళ్ళ మాటల్లోనే ఉండిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఏదీ సరిగా అర్థం కాదు.

మాట పాతది, మొక్క ఎప్పటిది?

ముందు మాట సంగతి. కవిత్వం చదివీ చదవగానే రసం అందితే మనవాళ్ళు ద్రాక్షాపాకం అన్నారు. తొక్క ఒలిస్తే అందేది కదళీపాకం, టెంకాయ కొట్టినట్టు కష్టపడితే అందేది నారికేళపాకం. అరటి, టెంకాయ ప్రతి పెరట్లో ఉండేవి. ద్రాక్ష అట్ల కాదు. అయినా నోట్లో వేసుకుంటే ఎట్ల ఉంటుందో వినేవాడికి తెలుసన్న ధైర్యంతోనే ఆ పేరు పెట్టారు.

ద్రాక్ష రసం పులియబెట్టడం కూడా ఈ దేశానికి కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి అధ్యాయం ఉంది. అందులో ద్రాక్ష రసంతో చేసినదాన్ని 'మధు' అన్నారు. అది పుట్టే చోట్లను బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పారు. కాపిశి అంటే ఇప్పటి ఆఫ్ఘనిస్తాన్ వైపు. అంటే అప్పటికే 'ఏ ఊరి ద్రాక్ష' అన్నది లెక్కలో ఉంది.

ఇక దక్షిణానికి వస్తే, పుదుచ్చేరి పక్కన అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు చేయించినప్పుడు రోము దేశపు పొడుగాటి మట్టి జాడీల ముక్కలు దొరికాయి. అట్లాంటి జాడీల్లోనే మధ్యధరా సముద్రం వైపు నుంచి ద్రాక్షసారా ఓడల్లో వచ్చేది. తమిళ సంగ కవిత్వంలో యవనులు తెచ్చిన మధువు ప్రస్తావన కూడా ఉంది. అంటే మొదట మనకు వచ్చింది సరుకు. తోట తర్వాత వచ్చింది.

ఇంకో సంగతి మన ఇళ్ళలోనే ఉంది. ద్రాక్షాసవం, ద్రాక్షారిష్టం అనే ఆయుర్వేద మందులు చాలా ఇళ్ళ అలమరాల్లో ఉండేవి. ఎండు ద్రాక్ష కషాయంలో బెల్లం వేసి, ధాతకి పువ్వులు కలిపి, మూత బిగించి పులియనిస్తారు. తనంతట తాను పుట్టిన మద్యం అందులో ఉంటుంది, సీసా మీద ఆ మాట అచ్చు వేసే ఉంటుంది. మా అవ్వ వైను అన్న మాట ఇంట్లో పలకనిచ్చేది కాదు. ఆమే దగ్గు పట్టినవాళ్ళకి ద్రాక్షాసవం మూతతో కొలిచి పోసేది. రెండూ ఒకే పని వల్ల పుడతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా ఒప్పుకునేది కాదు.

రాయల నాటి అంగడి, గోల్కొండ కొండలు

దక్కనులో ద్రాక్ష తోటల గురించి బయటినుంచి వచ్చిన యాత్రికులే ఎక్కువ రాసిపెట్టారు. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండు సార్లు కాస్తాయని రాశాడు. చల్లటి దేశాల్లో ద్రాక్ష చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుంది, ఏడాదికి ఒకే కాపు. ఇక్కడ తీగకు నిద్ర లేదు. ఈ ఒక్క తేడా గుర్తు పెట్టుకోండి, మన కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ అంగడి ధరలు కూడా రాశాడు. ఒక పణానికి 3 గుత్తుల ద్రాక్ష, 10 దానిమ్మలు. కృష్ణదేవరాయల కాలం అది. ఆ లెక్కన ఒక ద్రాక్ష గుత్తి ధర మూడు దానిమ్మలకు పైమాటే. పేదవాడి పండు కాదని అక్కడే తెలుస్తోంది. 1660లలో గోల్కొండ రాజ్యం చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో అక్కడి తెల్ల ద్రాక్ష గురించీ, దానితో చేసే తెల్ల వైను గురించీ రాశాడు.

ఆ తర్వాత హైదరాబాదుకు 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చి నాటిన రకమే అనాబ్-ఎ-షాహీ. పెద్ద గుత్తులు, లేత రంగు కాయ. తినడానికే తప్ప వైనుకు పుట్టిన రకం కాదు. హైదరాబాదు చుట్టుపక్కల చాలా కాలం ద్రాక్ష అంటే ఇదే.

పందిరి మీది నీలం

ఇప్పుడు మన వైపుకి వద్దాం. బెంగళూరు నీలం ద్రాక్ష, అంగట్లో 'బెంగళూరు బ్లూ' అంటారు, ఈ సీమలో సుమారు 150 ఏళ్ళుగా పండుతోంది. బెంగళూరు గ్రామాంతరం, చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాలే దీని ఇల్లు. 2013లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దీని పుట్టుక మాత్రం అమెరికా. ద్రాక్షల్లో యూరపు జాతి వేరు, ఉత్తర అమెరికాలో పుట్టిన లబ్రస్కా జాతి వేరు. మన నీలం ద్రాక్షలో లబ్రస్కా రక్తం ఉంది. గట్టి తోలు, లోపల జారిపోయే గుజ్జు, గింజలు, గది అంతా నిండే వాసన. ఆ వాసనకు కారణం మిథైల్ ఆంత్రనిలేట్ అనే పదార్థం. మనకు అదే అసలు ద్రాక్ష వాసన. ఫ్రెంచి వైను పండితులు మాత్రం దీన్ని నక్క వాసన అని ముక్కు మూసుకుంటారు. దీని చుట్టాలైన ఇసబెల్లా లాంటి రకాలతో వైను చేసి అమ్మడాన్ని యూరపులో నిషేధించారు కూడా.

మన రైతుకు ఆ గొడవ లేదు. ఈ తీగ మొండిది. అంటు కట్టే పని లేదు, కట్టె ముక్క నాటితే దాని వేరు మీద అదే లేస్తుంది. పక్షికన్ను తెగులును యూరపు రకాల కంటే బాగా తట్టుకుంటుంది. తలెత్తు కంటే పైకి రాతి కూసాలు పాతి, తంతి అల్లి, పందిరి వేస్తే చాలు. కింద నీడ, పైన ఆకు, మధ్యలో గుత్తులు వేలాడతాయి. ఏడాదికి రెండు కాపులు, నేర్పరి అయితే రెండేళ్ళకు ఐదు కాపులు.

నిద్రపోని తీగను ఎట్ల కాపించాలి అన్నదే ఇక్కడి విద్య. చలి చేయాల్సిన పని కత్తెర చేస్తుంది. పుస్తకంలో కత్తిరింపు అని రాస్తారు, మా వైపు 'కటింగు' అనే అంటారు. ఎన్నో కణుపు దగ్గర కోయాలి, ఏ రెమ్మ కాపుకు వస్తుంది, ఏది ఉత్త ఆకు పెడుతుంది, ఇది చేత్తో పట్టి చూసి చెప్పేవాళ్ళు ఊరికి నలుగురైదుగురు ఉండేవాళ్ళు. మా చిన్నాయన కటింగుకు పోతే పక్క ఊర్లవాళ్ళు కూడా ముందే మాట తీసుకునేవాళ్ళు. "తీగ నీతో మాట్లాడుతుంది రా, నువ్వు ఊరికే ఉంటే వినిపిస్తుంది" అనేవాడు. ఆయన మాట్లాడే భాష సగం తెలుగు, సగం కన్నడ. తీగకు రెండూ వచ్చేవేమో.

పండిన కాయ ఎక్కడికి పోయేది? కొంత అంగడికి, కొంత జ్యూసుకు, మిగిలింది తీపి పోర్టు వైను చేసేవాళ్ళకి. డిసెంబరు దగ్గరపడితే బెంగళూరు క్రైస్తవ ఇళ్ళలో పండగకు ఇదే ద్రాక్షతో జాడీలో వైను పెట్టుకునేవాళ్ళు. కాయలు నలిపి, చక్కెర, లవంగం, చెక్క వేసి, గుడ్డ కట్టి రోజుకోసారి తిప్పడం. దుకాణాల్లో దొరికే పోర్టు కూడా దాదాపు ఇట్లాంటిదే, తీపి ఎక్కువ. మన దేశంలో 'వైను' అన్న మాటకు చాలా కాలం ఆ తీపి రుచే అర్థం.

చిన్న తోటలో చాలా రకాలు

యూరపు జాతి ద్రాక్షతో వైను చేయడం దేశంలో అంతకు ముందు లేదని కాదు. 1883-84 కలకత్తా అంతర్జాతీయ ప్రదర్శనలో భారత దేశపు వైన్లు పెట్టారు. కానీ ఆ కాలంలోనే ఫిలోక్సెరా అనే వేరు పురుగు ప్రపంచమంతా ద్రాక్ష తోటల్ని తినేస్తూ వచ్చింది. 1860లలో ఫ్రాన్సులో మొదలై అక్కడి తోటల్ని కూల్చింది. ఇక్కడి తోటలూ నిలవలేదు. మందు ఏమిటంటే, ఆ పురుగును తట్టుకునే అమెరికా తీగ వేరు మీద యూరపు కొమ్మ అంటు కట్టడం. మన దక్కనులో ఇప్పుడు ఎక్కువగా వాడే వేరు రకం 'డాగ్‌రిడ్జ్', అదీ అమెరికా టెక్సాస్ జాతే. ఉప్పు నీళ్ళు, ఎండ తట్టుకుంటుంది. కాబట్టి ఇప్పటి వైను తోటలో వేరు అమెరికాది, కొమ్మ ఫ్రాన్సుది, మట్టి మనది, కత్తెర పట్టే చెయ్యి మనది.

1980లలో మహారాష్ట్ర నారాయణగావ్‌లో శ్యామ్‌రావ్ చౌగులే ఇండేజ్ కంపెనీ పెట్టి ఫ్రెంచి పద్ధతిలో నురగ వైను చేయించారు. అదే కాలంలో ముంబై వ్యాపారి కన్వల్ గ్రోవర్ మన వైపు చూపు పెట్టారు. ఫ్రాన్సు షాంపేన్ సీమకు చెందిన ద్రాక్ష నిపుణుడు జార్జ్ వెసెల్‌ను వెంటబెట్టుకుని, దేశంలో పలు చోట్ల వెతికి, చివరికి నంది కొండ కింద దొడ్డబళ్ళాపురం దగ్గర నిలబడ్డారు. ఫ్రాన్సు నుంచి తెచ్చిన 35 రకాలు నాటి చూసి, అందులో 9 మాత్రం ఈ మట్టికి నప్పాయని తేల్చారు. 1988లో గ్రోవర్ వైన్‌యార్డ్స్ పుట్టింది. మొదట్లో తోట 40 ఎకరాలే. 1992లో మొదటి వైను బయటికి వచ్చింది. 1990ల మధ్యలో బోర్డోకు చెందిన మిషెల్ రోలాఁ సలహాదారుగా చేరారు.

ఇక్కడే ఎందుకు? కొండ ఎత్తు 1,478 మీటర్లు. కింద తోటలు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉంటాయి. పగలు ఎండ, రాత్రి చల్లదనం. రాత్రి చల్లబడితే కాయలో పులుపు నిలుస్తుంది. తీపి ఒక్కటే ఉంటే అది పానకం, పులుపు కూడా ఉంటేనే వైను.

40 ఎకరాల తోటలో 9 రకాలు దేనికి అని మన రైతు అడుగుతాడు. మా తాత కూడా అడిగాడంట, "ఒకటి బాగా కాస్తే చాలదా" అని. దానికి జవాబు మూడు ముక్కల్లో చెప్పొచ్చు.

మొదటిది కోత. సోవిన్యోఁ బ్లాఁ, షెనిన్ లాంటి తెల్ల రకాలు ముందు పండుతాయి, షిరాజ్ తర్వాత, కాబర్నే సోవిన్యోఁ చివర. ఏప్రిల్‌లో ఒక కటింగు చేసి తీగను కట్టెకు వదిలేస్తారు, కాపు తీయరు. సెప్టెంబరు, అక్టోబరులో రెండో కటింగు చేస్తే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరసగా కోతకు వస్తాయి. అన్నీ ఒకేసారి పండితే కోసే చేతులూ చాలవు, పోసే తొట్లూ చాలవు.

రెండోది భయం. అకాల వాన ఒక రకాన్ని దెబ్బ తీస్తే ఇంకొకటి నిలబెడుతుంది. మన పెద్దలు ఒకే చేనులో రాగి, అనప, జొన్న కలిపి వేసింది కూడా ఈ భయంతోనే.

మూడోది రుచి. కాబర్నే కాయ చిన్నది, తోలు మందం, వగరు ఎక్కువ, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. షిరాజ్‌లో మిరియం వాసన, కొంచెం మెత్తదనం. ఈ రెండూ కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. గ్రోవర్ వాళ్ళ 'లా రిజర్వ్' అట్ల ఈ రెండిటి కలయికే. వియోన్యే తెల్లది, పువ్వుల వాసన. ద్రాక్షలకూ వంశవృక్షం ఉంటుందని 1990లలో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు డీఎన్ఏతో తేల్చారు. కాబర్నే సోవిన్యోఁ, కాబర్నే ఫ్రాఁ అనే ఎర్ర రకానికీ సోవిన్యోఁ బ్లాఁ అనే తెల్ల రకానికీ పుట్టిన బిడ్డ.

పని తీరు కూడా వేరు. పందిరి ఉండదు. వరసలుగా కంచె లాగా తంతి కట్టి తీగను నిలువుగా పాకిస్తారు. ఎకరానికి 3, 4 టన్నులకు మించి కాపు ఉంచరు, ఎక్కువైన గుత్తులు పచ్చిగా ఉన్నప్పుడే కోసి పారేస్తారు. పందిరి మీద ఎకరానికి అంతకు ఎన్నో రెట్లు తీసే మనవాళ్ళకు ఇది చూడబుద్ధి కాలేదు. కాసిన గుత్తి కింద పడేస్తారా! కానీ తీపి 22, 24 బ్రిక్స్ దాకా ఎక్కాలంటే తీగకు బరువు తగ్గాలి. కోత తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే, చిన్న ట్రేలలో. తెల్ల వైనుకు వెంటనే పిండి రసం ఒక్కటే చల్లటి స్టీలు తొట్లలో పులియబెడతారు. ఎర్ర వైనుకు తోలుతో సహా పులియాలి, ఎందుకంటే రంగూ వగరూ తోలులోనే ఉన్నాయి. తర్వాత కొంత 225 లీటర్ల ఓక్ కొయ్య పీపాల్లోకి పోతుంది.

ఈ కొత్త విద్యకు చేతులు ఎక్కడినుంచి వచ్చాయి? చుట్టుపక్కల ఊర్ల నుంచే. పందిరి కింద కణుపు లెక్కపెట్టడం నేర్చుకున్న ఆడవాళ్ళు, మగవాళ్ళే ఫ్రెంచి తీగకు కత్తెర పట్టారు. నిద్రపోని తీగతో ఎట్ల మెలగాలో ఫ్రాన్సు పుస్తకంలో లేదు. అది ఈ ఊర్లలో ఉంది. సీసా మీద నిపుణుల పేర్లు వచ్చాయి, అది వాళ్ళ కష్టమే, కాదనను. కానీ మన ఇళ్ళలో ఈ ముక్క చెప్పుకోకపోతే ఇంకెక్కడా చెప్పరు.

హెసరఘట్ట సంబంధం

నంది కొండకు దగ్గర్లోనే హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. అక్కడివాళ్ళు ఇంకో దారి పట్టారు. ఫ్రెంచి తీగను ఇక్కడికి నప్పించడం ఒక దారి అయితే, ఇక్కడి తీగనే వైనుకు తయారు చేయడం రెండోది. 'అర్క' పేరుతో వాళ్ళు వదిలిన రకాల్లో బెంగళూరు నీలానికి, బ్లాక్ చంపాకు పుట్టింది అర్క శ్యామ్. బెంగళూరు నీలానికి, అనాబ్-ఎ-షాహీకి పుట్టింది అర్క హంస. అంటే హైదరాబాదు పెళ్ళికొడుకు, బెంగళూరు పెళ్ళికూతురు. మన ఇళ్ళలో జరిగే సంబంధాల లాంటిదే. ఈ రకాలు వైనుకు పనికొస్తాయని సంస్థ చెప్పింది. కానీ వైను కొనేవాడు సీసా మీద కాబర్నే అన్న పేరు చూసి కొంటాడు, అర్క హంస అంటే ఎవరికీ తెలియదు. తోటలో గెలిచిన పేరు అంగట్లో ఓడిపోవడం అంటే ఇదే.

చట్టం, నేల, నీళ్ళు

చాలా కాలం వైనునూ సారానూ ప్రభుత్వం ఒకే కంటితో చూసింది. మహారాష్ట్ర 2001లో, కర్ణాటక 2007లో ద్రాక్ష సంస్కరణకు, వైనుకు వేరే విధానాలు తెచ్చాయి. కర్ణాటకలో వైన్ బోర్డు వచ్చింది. చిన్న తోటలకూ ధైర్యం వచ్చింది. మన తెలుగువాళ్ళు కూడా ఈ రంగంలోకి దిగారు. హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల వైపు క్రిస్మా ఎస్టేట్స్ పెట్టి, కాబర్నే, సాంజియోవేసే, సిరా, సోవిన్యోఁ బ్లాఁ లాంటి రకాలు నాటి, తమ తోటలో పండినదాన్నే సీసాకు ఎత్తారు. పేస్ 3 గుత్తులు ఒక పణం అని రాసిన సీమ అది. ఐదు వందల ఏళ్ళ తర్వాత అక్కడికి ద్రాక్ష మళ్ళీ వచ్చింది, తెలుగు చేతులతో.

అదే 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది. 2008 మే నెలలో దేవనహళ్ళిలో విమానాశ్రయం తెరిచారు. ఆ తర్వాత నేల ధర ముందు ఏ కాపూ నిలవలేదు. ఇంకో పక్క నీళ్ళు. చెరువులు పూడిపోయాయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. డ్రిప్ పెట్టుకున్నవాళ్ళు నిలదొక్కుకున్నారు, లేనివాళ్ళు అమ్ముకున్నారు. మా ఇంటి పందిరి కూడా అట్లే పోయింది. చిన్నాయనకు మనసు లేదు, కానీ ముగ్గురు బిడ్డల చదువులు, రెండు ఎండిన బోర్లు, ఒక మంచి ధర. ఎవరినీ తప్పు పట్టేది లేదు. రాతి కూసాలు మాత్రం పీకి అమ్మితే, కొన్న ఆయన వాటినే లేఔటు చుట్టూ కంచెకు పాతాడు. దేవనహళ్ళి దారిలో అట్లాంటి కంచెలు చాలా కనిపిస్తాయి. కూసం పైన తంతికి చేసిన గాడి చూస్తే అది ఒకప్పుడు పందిరి మోసిందని తెలుస్తుంది.

వైను మంచిదా చెడ్డదా అన్న వాదన మన కుటుంబాల్లో ఉంది, ఉండనీండి. తాగి ఇల్లు కూల్చుకున్నవాళ్ళను చూసినవాళ్ళం, ఆ భయం ఊరికే రాలేదు. నేను చెప్పేది తాగమని కాదు. ఈ నేల మీద మనవాళ్ళు ఒక తీగను మూడు తరాలు చదివారు, ఆ చదువు కాగితం మీద లేదు. కటింగు ఎప్పుడు, ఎన్నో కణుపు, ఏ వానకు ఏ తెగులు, ఏ చెరువు కట్ట కింద కాయ తీపి, ఇవన్నీ తెలిసినవాళ్ళు ఇప్పుడు డెబ్భై, ఎనభై దాటి ఉన్నారు.

మీ ఇంట్లో తోట ఉండి ఉంటే, ఈ పండక్కి ఊరికి పోయినప్పుడు అడగండి. ఏ ఏడు నాటారు, కట్టె ఎవరి తోటనుంచి తెచ్చారు, మొదటి కాపు ఎవరికి అమ్మారు, ఎప్పుడు పీకారు. వాళ్ళు తెలుగులో చెప్తే తెలుగులో, మధ్యలో కన్నడ వస్తే కన్నడలోనే రాసుకోండి, సరిదిద్దకండి. కాబర్నేకు వంశవృక్షం దొరికింది. మన నీలం ద్రాక్షను ఎవరి చేతులు పెంచాయో ఆ వంశవృక్షం రాయగలిగేది మనమే.